గూట్లో కూర్చునే పిట్ట

కొత్త చీపురు బోడిదైపోయిందని ఆ రోజు పొద్దున్నే ఆ ఇంట్లో పంచాయితీ మొదలైంది.

మొదలుపెట్టింది ఆడపడుచు. వారానికోసారి, సెలవు రోజున, తండ్రిని చూడడానికి రెండు వీధుల అవతలి నుంచి వస్తుంది. చెప్పులు విప్పి, తండ్రి మంచం మీద కాళ్ల దగ్గర కూర్చుని, ముందుగా ఇల్లంతా ఒకసారి కళ్లతోనే ఊడ్చేస్తుంది. ఆ రోజు ఆ కళ్లకు తలుపు మూల నిలబెట్టిన చీపురు దొరికింది.

"పోయిన వారం చూస్తే నక్కతోకలా ఒత్తుగా ఉంది కదమ్మాయ్. అప్పుడే ఇలా అయిపోయిందేంటి? తడి నేల ఊడుస్తున్నావా దీంతో?"

"లేదు వదినా," అంది కోడలు వంటగదిలోంచి.

"తడి తగిలితేనే కుచ్చులు ఇలా రాలిపోతాయి."

"తడికి వేరే చీపురుంది. అది తడి మొహం ఎరగదు."

"మరి ఎవరు పీకినట్టు? నాన్నా, నువ్వు గానీ పీకావా?"

"నాకింకా ఆ పని అప్పజెప్పలేదమ్మా మీరు," అన్నాడు మంచం మీది పెద్దాయన.

గడ్డం గీసుకుంటున్న ఆయన కొడుకు బాత్రూమ్ గుమ్మంలోంచి తల బయటపెట్టాడు. "కొన్నది నేను. నాసిరకం అంటగట్టి ఉంటాడు. వదిలేయక్కా."

"చూశావా, పెళ్లాం మీద మాట పడనివ్వడు," అంది అక్క, చీపురును తిరగేసి చూస్తూ.

కోడలికి చురుక్కుమంది. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుండాలో, దేన్ని దేనికి వాడాలో ఆమెకొక పద్ధతి ఉంది. మెత్త చీపురును కుచ్చు పైకి వచ్చేలా నిలబెడుతుంది, ఊడ్చిన ప్రతిసారీ దులుపుతుంది. నిద్ర చాలిన మనిషైతే ఆ మాటను నవ్వి వదిలేసేదేమో. ఆమెకు నిద్ర చాలక ఏడాది దాటింది. చీపురు తీసుకుని విసవిసా బాల్కనీలోకి వెళ్లింది. పిట్టగోడకేసి నాలుగు దెబ్బలు కొట్టి, దాన్ని మూలన ఆనించి, బకెట్ కోసం లోపలికి వెళ్లి వచ్చేసరికి చీపురు మీద ఒక పిట్ట ఉంది.

పిచ్చుక కన్నా చిన్నది. తలా వీపూ కాఫీ గింజ రంగు. రొమ్ము తెలుపు. ఆ తెలుపు మీద ఒక్కో ఈకకూ ముదురు దారంతో అంచు కుట్టినట్టుంది. దూరం నుంచి చూస్తే చేప పొలుసులు పేర్చినట్టనిపిస్తుంది. ముక్కు మాత్రం ఆ ఒంటికి తగ్గది కాదు, నల్లగా, మొద్దుగా, ఏదో పనిముట్టును తెచ్చి తగిలించినట్టుంది. ఆ ముక్కుతో కుచ్చులోంచి ఒక పోచ పట్టుకుని వెనక్కి లాగింది. రాలేదు. రెక్కలు విదిలించి మళ్లీ లాగింది. తన ఒంటికి రెండింతల పొడవున్న పోచ ఊడి వచ్చింది. దాన్ని జెండాలా పట్టుకుని ఎగిరి, బాల్కనీ చివర తీగ గుబురులో దూరింది. అది ఇటు వెళ్లిందో లేదో, అచ్చం అలాంటిదే ఇంకొకటి వచ్చి చీపురు మీద వాలింది.

"వదినా, ఒకసారి ఇలా రండి. మీ దొంగ దొరికింది."

ఆడపడుచు వచ్చి చూసింది. చాలాసేపే చూసింది. "అయినా చీపురెవరైనా బయటపెడతారా?" అని లోపలికి వెళ్లిపోయింది.

*

ఆ బాల్కనీ గురించి కాస్త చెప్పుకోవాలి. నడుం ఎత్తు పిట్టగోడ, పైనంతా ఖాళీ. పాత రంగుడబ్బాలో కోడలు నాటిన తీగ ఒకటి, ఒక మూల తాడు పట్టుకుని దండెం కొక్కెం దాకా పాకి, అక్కడ గుబురుగా ముద్దకట్టింది. భవనం వెనక, ఎవరిదో, ఎప్పుడు కడతారో తెలియని ఖాళీ స్థలం. దాన్నిండా మనిషెత్తు గడ్డి. మురుగుకాలువ వెంట ఆ గడ్డి మరీ ఏపుగా ఉంటుంది. వానలు పడి కంకులు వేశాక ఈ పిట్టలు గుంపుగా వచ్చి వాటికి వేలాడతాయి. కంకి వంగుతుంది, విరగదు. అంత తేలిక ఒళ్లు వాటిది.

కోడలి భర్త పని కిటికీలకు అల్యూమినియం ఫ్రేములు, అద్దాలు బిగించడం. వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు. ఊళ్లో సగం బాల్కనీలు ఆయన చేతి మీదుగా గదులయ్యాయి. సొంతింటి బాల్కనీలోకి మాత్రం వాన నేరుగా వచ్చి పలకరించి పోతుంది. "చేద్దాంలే," అనేది ఆయన ఊతపదం. పెళ్లయిన కొత్తలో ఆ మాటకు కోడలికి నవ్వు వచ్చేది.

పోయిన ఏడాది మామగారు బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది, భయం అతకలేదు. మనిషి సాయం లేకుండా లేవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి హాల్లో ఆయన మంచం, మంచం పక్కన నేల మీద కోడలి పరుపు. రాత్రి అవసరం పడినప్పుడల్లా ఆయన మెల్లగా, మొహమాటంగా, "నిద్రపోతున్నావా అమ్మా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఆమెకు ఇంతవరకూ తోచలేదు. లేచి, నడిపించి, తీసుకొచ్చి, దుప్పటి కప్పి పడుకుంటుంది. కన్ను అంటుకునేసరికి మళ్లీ అదే ప్రశ్న.

భర్త లేవచ్చు కదా అంటే, ఆయన పై అంతస్తుల్లో నిచ్చెన మీద నిలబడి అద్దాలు మోసే మనిషి. నిద్రలేక కాలు తడబడితే ఇంకేమైనా ఉందా అని అందరూ ఒప్పుకున్నారు. అందరిలోకీ ముందు ఒప్పుకున్నది కోడలే.

మిగిలింది ఆడపడుచు. ఆమె భర్తది ఊరూరా తిరిగే ఉద్యోగం. కూతురు హాస్టల్లో చదువుకుంటోంది. రాత్రిళ్లు ఇంట్లో ఒక్కతే ఉంటుంది. "నాకు రావాలనే ఉంటుంది అమ్మాయ్," అంటుంది. "కానీ ఆ ఇరుకులో నేనెక్కడ పడుకోను? బాల్కనీకి అద్దాలు పడనీ. నాన్న మంచం అక్కడ వేసి, పక్కన ఇంకో మంచం వేసుకుంటే, రాత్రి విడిచి రాత్రి నేనే వస్తాను." ఈ మాట అందరి ముందూ అంది, ఒకసారి కాదు. అందుకని కోడలికి బాల్కనీ అద్దాలంటే అద్దాలు కాదు. రోజు మార్చి రోజు తెల్లారేదాకా కళ్లు మూసుకోవడం.

వెంటపడి, అలిగి, చివరికి మాట్లాడ్డం మానేసి భర్త చేత ఫ్రేములు కోయించింది. అవి వచ్చి హాల్లో గోడకు ఆనుకుని ఉన్నాయి. వచ్చే సెలవుకు బిగించడమే తరువాయి. సరిగ్గా అప్పుడు ఈ పిట్టలు చీపురు మీద పడ్డాయి.

*

గూడు చూస్తుండగానే పెరిగింది. పిచ్చుక పెట్టే పిడికెడు చెత్తలాంటిది కాదు. గడ్డిపోచలన్నీ చుట్టి చుట్టి బంతిలా కట్టాయి. పక్కగా చిన్న కన్నం, లోపల మెత్తగా చీపురు కుచ్చు.

"జీనువాయిలు," అన్నాడు మామగారు. "మా చిన్నప్పుడు చేల మీద పడితే డబ్బాలు వాయించి తోలేవాళ్లం. ఒకటి లేస్తే అన్నీ లేచేవి." ఆ రోజే తన మంచం బాల్కనీ తలుపు వైపు తిప్పమన్నాడు. పడ్డ తరవాత మంచినీళ్లూ బాత్రూమూ తప్ప ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

భర్త తీగ దగ్గర నిలబడి బుగ్గ గోక్కున్నాడు. "ఇప్పుడు డ్రిల్లు పెడితే గోడంతా అదురుతుంది. పాపం, గుడ్లు పెట్టుకునేవి. కొన్నాళ్లు ఆగుదాం." ఆయన మొహంలో జాలి ఎంతుందో, పని తప్పిందన్న తేలిక కూడా అంతే ఉంది.

"ఎన్నాళ్లు?" అంది ఆమె.

"గుడ్లు, పిల్లలు, వాటికి రెక్కలు... నెల పైనే పట్టొచ్చు. ఇన్నాళ్లు ఆగావు, ఓ నెల ఆగలేవా?"

ఆగగలదో లేదో ఆమెకే తెలియదు. ఆ వారం పాలప్యాకెట్టు బట్టల బీరువాలో దొరికింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. బకెట్ నిండేదాకా గోడకు తల ఆనించి నిలబడ్డ మనిషి, నీళ్లు పొర్లి పాదాల మీద పడితే గానీ మేలుకోలేదు.

పిట్టల కాపురం గురించి మాత్రం ఆ ఇంట్లో రోజూ చర్చే.

"అదిగో, ఆడది కూర్చుంది," అనేవాడు మామగారు. "మగది మేతకెళ్లింది."

"పొద్దున కూర్చున్నది తోక వంకరది మామయ్యగారూ. ఇప్పుడు లోపలున్నది తిన్నగా ఉన్నది. వంతులేసుకుంటున్నాయి."

"గూట్లో కూర్చునేది ఆడదేనమ్మా."

"మరి పొద్దున కూర్చున్నది?"

"అదీ ఆడదే."

"రెండూ ఆడవైతే గుడ్లెలా వచ్చాయి నాన్నా?" అన్నాడు కొడుకు, అన్నం కలుపుకుంటూ.

"ఏది ఎప్పుడు కూర్చుంటే అప్పుడది ఆడది. నీకు తెలీదులేరా."

కోడలు వాదించలేదు. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి కాబట్టి, ఎవరికేది తోస్తే అదే నిజం. ఆమెకు తెలిసింది మాత్రం ఇంకొకటుంది. పొద్దుగూకాక దండెం మీద బట్టలు తీసేటప్పుడు రోజూ చూసేది. లోపల ఒకటి ఉండగానే రెండోది వచ్చి, కన్నంలోంచి ఒళ్లు ముడుచుకుని దూరేది. లోపల సర్దుకుంటున్న కాసేపు సన్నగా కిచకిచ వినిపించేది. తరవాత చప్పుడుండేది కాదు. రెండూ నిద్రపోయేవి.

ఒక మధ్యాహ్నం మామగారు కునుకు తీస్తుండగా ఆమె చీపురు కర్ర తీసుకుని తీగ దగ్గరికి వెళ్లింది. ఒక్క పొడుపు చాలు. గాలికి పడిపోయిందంటే ఎవరూ అడగరు. ఆకులు తప్పించి చూసింది. కన్నంలోంచి నల్లటి ముక్కు, దాని వెనక ఒక కన్ను, పొట్ట పక్కన కొంచెం తెల్లగా గుడ్డు. పిట్ట కదల్లేదు. చాలా అలసిపోయినట్టు చూసిందనిపించింది. పిట్ట మొహంలో అలసట ఎక్కడ కనిపిస్తుంది, తన కళ్లదే అయ్యుంటుంది. ఎత్తిన కర్రను ఊరికే దించడం ఇష్టంలేక, పైకప్పు మూల బూజు దులిపి లోపలికి వచ్చేసింది.

*

ఆ సాయంత్రం భర్త చెప్పులు విప్పకముందే అంది, "నాకు నిద్ర కావాలండీ."

కసిరి అంటే ఆయనా కసిరేవాడేమో. మంచినీళ్లు కావాలన్నట్టు మామూలుగా అంది. ఆయన కాసేపు ఫ్రేముల వైపు, కాసేపు తీగ వైపు చూశాడు.

"సరే. గూడున్న మూల ముట్టుకోను. వెనక ఖాళీ స్థలం వైపు అద్దాలు బిగించేస్తాను. సగం గది పూర్తయితే అక్క కూడా నమ్ముతుంది."

సెలవు రోజున బిగించాడు. డ్రిల్లు చప్పుడుకు పిట్టలు రెండూ లేచిపోయి, అది ఆగాక ఇంటి పక్క నుంచి చుట్టూ తిరిగి మళ్లీ వచ్చాయి. కొత్త అద్దం బిగించిన వెంటనే దాని మీద సున్నంతో పెద్ద ఇంటూ గుర్తు గీయడం ఆ పని చేసేవాళ్లందరికీ అలవాటు. అక్కడ అద్దముందని తెలియక ఎవరూ గుద్దుకోకుండా. అద్దాలాయన అలవాటు చొప్పున గీశాడు.

"ఆ గీతలేంట్రా అడ్డంగా?" అన్నాడు మంచం మీంచి తండ్రి. "పిట్టలు గడ్డిలోంచి వచ్చేది ఆ వైపు నుంచే. ఏమీ కనపడట్లేదు నాకు."

ఎంత పెద్ద యజమాని గదమాయించినా, ఇల్లు అప్పజెప్పేదాకా ఆయన ఆ గుర్తు చెరపడు. తండ్రి అడిగితే, అదీ సొంతింట్లో, వెంటనే తడి కాగితం తీసుకున్నాడు. కోడలు పాత పేపర్లు అందించింది. ఇద్దరూ కలిసి లోపలా బయటా తుడిచారు. ఏడాది తరవాత ఇద్దరూ కలిసి చేసిన పని అది. చివరికి ఆయన వెనక్కి జరిగి, తల పక్కకు వంచి చూసుకున్నాడు.

"అద్దమంటే ఇలా ఉండాలి. ఉందా లేదా అన్నట్టు."

నిజంగానే అలా ఉంది. చేయి పెట్టి చూస్తే గానీ తెలియలేదు. ఆమెకు కూడా గర్వంగానే అనిపించింది.

మర్నాడు పొద్దున కూర తరుగుతుంటే ఎవరో వేలితో తలుపు తట్టినట్టయింది. వెళ్లి తీసింది, ఎవరూ లేరు.

"తలుపు కాదమ్మాయ్," అన్నాడు మామగారు. "అద్దానికేదో తగిలింది."

అద్దం మీద, ఆకాశం కనిపించే చోట, బూడిద అద్దినట్టు రెక్క విచ్చిన ఆకారం. కింద సజ్జ మీద తోక తిన్నగా ఉన్న పిట్ట వెల్లకిలా పడి ఉంది. అద్దాలు లేని వైపు నుంచి పిట్టగోడ మీద వంగి, చేయి చాపి తీసింది. అరచేతిలో బరువే తెలియలేదు. వేడి మాత్రం ఇంకా ఉంది. కిందికి వెళ్లి గడ్డిలో గుంట తీసి పెట్టి వచ్చేసరికి, తరుగుతున్న కూర ముక్కలు గాలికి వాడిపోయాయి.

సాయంత్రం సంగతి విని భర్త సున్నం కలిపి, రెండు అద్దాల మీదా ఈ చివర నుంచి ఆ చివరకు మందంగా గుర్తులు గీశాడు. ఈసారి తండ్రి చెరపమనలేదు.

తోక వంకరది కూర్చుంటూనే ఉంది. ఇదివరకైతే ఒకటి వచ్చాకే ఇంకొకటి లేచేది. ఇప్పుడు వంతు అందుకునేవాళ్లు లేరు. ఆకలి ఆగనప్పుడు ఎగిరిపోయి, గడ్డిలో నాలుగు గింజలు కొట్టుకుని, హడావిడిగా వచ్చి దూరేది. గూడు ఖాళీగా ఉన్న ఆ కాసేపూ కోడలు అక్కడే నిలబడేది, తను నిలబడితే గుడ్లకు వెచ్చదనం వస్తుందన్నట్టు. ఆ కాసేపులు రోజురోజుకూ పెరిగాయి. సాయంత్రం అది ఒక్కటే దూరేది. లోపలి నుంచి ఏ చప్పుడూ వచ్చేది కాదు.

"పర్వాలేదు, ఆడది మిగిలింది," అన్నాడు మామగారు మొదట్లో. తరవాత అనడం మానేశాడు. ఒకరోజు అది వచ్చి దండెం మీద వాలింది. గూటి వైపు చూసింది. లోపలికి వెళ్లకుండానే గడ్డిలోకి ఎగిరిపోయింది. ఆ సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు.

*

సెలవు రోజు ఆడపడుచు పళ్లు తీసుకుని వచ్చింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. మామగారి కంచం మంచం పక్కన స్టూలు మీద, మిగతావాళ్లవి బల్ల మీద. కోడలు వడ్డిస్తోంది.

జరిగిందంతా తమ్ముడు చెబుతుంటే ఆడపడుచు అన్నం కలపడం ఆపేసింది. నిజంగానే ఆమె కళ్లు చెమర్చాయి.

"పాపం. ఒక్కతే ఎన్నాళ్లు కూర్చుంటుంది నాన్నా? దానికి మాత్రం తిండీ నిద్రా ఉండద్దూ?"

"ఒక్కదాని వల్ల కాదమ్మా," అన్నాడు మామగారు. "ప్రయత్నం చేసింది పాపం."

కోడలి చేతిలో గరిటె ఆడపడుచు కంచం మీద ఆగింది. ఎవరూ గమనించలేదు. వేయాల్సిన కూర వేసి, గిన్నె బల్ల మీద పెట్టింది.

"ఇంకేముంది, గూడు ఖాళీయే," అన్నాడు భర్త. "వచ్చే సెలవుకో, ఆపై సెలవుకో మిగతా అద్దాలు కూడా చేద్దాంలే."

"అదవనీ," అంది ఆడపడుచు. "అదయితే నేనొచ్చి ఉండనూ?"

ఆ ఇంట్లో కోడలు అందరి భోజనాలూ అయ్యాక తింటుంది. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా అలవాటైపోయింది. ఆ రోజు ఆమె లోపలికి వెళ్లి తన కంచం తెచ్చుకుని, కుర్చీ లాక్కుని, ఆడపడుచు ఎదురుగా కూర్చుంది. అన్నం పెట్టుకుంది. కూర వేసుకుంది. ఒక ముద్ద తిన్నాక చెప్పింది.

"వదినా, ఈ రాత్రి నేను మీ ఇంట్లో పడుకుంటాను."

"మా ఇంట్లోనా? దేనికి?"

"నిద్రపోడానికి. మీ అమ్మాయి గది ఖాళీగానే ఉంది కదా. మీరిక్కడ నా పరుపు మీద పడుకోండి. రేపు మీరు మీ ఇంట్లో, నేనిక్కడ. ఎల్లుండి మళ్లీ మీరిక్కడ. ఈయనకు సెలవు ముందు రాత్రి ఈయన లేస్తారు. మర్నాడు నిచ్చెన ఎక్కే పని ఉండదు."

ఆడపడుచు చేతిలోని ముద్దను కంచంలో పెట్టేసింది.

"అద్దాలన్నీ పడకుండానే ఎలాగమ్మాయ్..."

"అద్దాలకూ దీనికీ సంబంధం లేదు వదినా. ఆ పరుపు మీద నేను ఏడాది పడుకున్నాను. మనిషి పట్టే చోటే అది."

ఆడపడుచు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు భార్య వైపు చూశాడు, ఆమె కళ్ల కింది నలుపును అప్పుడే చూసినట్టు. "సెలవు ముందు రాత్రి నాది," అన్నాడు మెల్లగా.

మంచం మీంచి మామగారు గొంతు సవరించుకున్నాడు. "ఇంత గొడవెందుకమ్మా. నేనే ఇకనుంచి రాత్రిళ్లు పిలవడం మానేస్తాను."

"అలా అనకండి మామయ్యగారూ. పిలవకుండా లేస్తే మళ్లీ పడతారు. పిలవండి. మీ అమ్మాయి లేస్తుంది."

కోడలు మజ్జిగ గిన్నె తన వైపు జరుపుకుంది.

"వెళ్లేముందు తాళంచెవి నాకివ్వండి వదినా. దుప్పటి నాదే తెచ్చుకుంటాను."